తొట్టిలో తుంగ: తడినేల మొక్కకు ఇంటి చిట్కాలు

తుంగ కనిపిస్తే పీకి గట్టున పడేయడమే మన అలవాటు. మిద్దెతోట పెంచేవాళ్లయితే కుండీలో తుంగ మొలిచిందంటే మొక్కతోపాటు మట్టిని కూడా పారబోస్తారు. అందులో తప్పేమీ లేదు, ఆ తుంగ అంత మొండిది. అయితే పంటకాలువల గట్ల మీదా చెరువు శిఖం భూముల్లోనూ నడుమెత్తున నిలబడి, చాపలకు కాడనిచ్చే తుంగ వేరు. దాని శాస్త్రనామం సైపెరస్ పాంగొరై. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గరి పట్టమడైలోనూ, బెంగాల్‌లో మేదినీపూర్ పల్లెల్లోనూ అల్లే చాపలు ఈ కోవ తుంగవే. మన ఇళ్లలో పెద్దవాళ్లు వేసవి మధ్యాహ్నాలు నడుం వాల్చిన తుంగచాప కూడా అంతే.

ఒక్క తొట్టిలో పెంచిన కాడతో మనిషి పడుకునే చాప రాదు, ఆ ఆశ ముందే వదులుకోండి. వేరే లాభాలున్నాయి. ఎప్పుడూ తడిగా ఉండి ఏ మొక్కా బతకని మూలలో ఇది పచ్చగా ఉంటుంది. తీగలు కట్టుకోవడానికి నార ఇస్తుంది, వంటింటి నీళ్లను కొంత తేటపరుస్తుంది. బతికించడం కష్టం కాదు. హద్దులో ఉంచడమే పని. కింది చిట్కాల్లో కొన్ని ఆ హద్దు గురించే.

1. ముందు మొక్కను గుర్తుపట్టండి. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించి చూడండి. మూడు అంచులు తగిలితే తుంగజాతి. అడ్డంగా కోస్తే లోపల తెల్లటి బెండు నిండుగా ఉంటుంది, కాడ మీద ఎక్కడా కణుపు ఉండదు. గరిక, రెల్లు, దర్భ, వట్టివేరు ఇవన్నీ గడ్డిజాతివి. వాటి కాడకు కణుపులుంటాయి. గోధుమరంగు కండెలు వేసే జమ్ము ఈ రెండింటిలోనూ చేరదు, దాని కుటుంబమే వేరు.

తర్వాత రెండు తుంగల మధ్య తేడా చూడాలి. ఇక్కడ పొరపడితే తోట మొత్తం పోతుంది. కలుపు తుంగ మోకాలెత్తు దాటడం అరుదు. మొదట్లోనే పొడవాటి ఆకులు గుత్తిగా ఉంటాయి. తవ్వితే సన్నటి దారాల్లాంటి వేర్లకు నల్లటి గడ్డలు వరసగా వేలాడుతుంటాయి, నలిపితే ఘాటైన వాసన. ఆయుర్వేద దుకాణంలో తుంగముస్తలని అమ్మేవి అవే. పైన పీకితే ఆ దారాలు తెగి, అంతదాకా నిద్రపోతున్న గడ్డలన్నీ విడివిడిగా మొలుస్తాయి. దాని మొండితనానికి కారణం ఇదే. చాపల తుంగ నడుము నుంచి ఛాతీ ఎత్తు వరకు పెరుగుతుంది. అడుగున ఆకులు దాదాపు ఉండవు, కాడను చుట్టుకున్న పొర ఒకటి ఉంటుంది. ఆకుల్లా కనిపించేవి కాడ కొసన, పూలగుత్తి కింద ఉంటాయి. మట్టిలో అడ్డంగా పాకే దుంప ఉంటుంది. దారానికి వేలాడే గడ్డ ఒక్కటి కనిపించినా ఆ మొక్కను ఇంటికి తేవద్దు.

2. మొక్క ఎక్కడ దొరుకుతుంది? నర్సరీలో దాదాపు దొరకదు. అడిగితే గొడుగులా ఆకులు విచ్చుకున్న మొక్కను "అంబ్రెల్లా పామ్" అని చేతిలో పెడతారు. అది తాటిజాతిదీ కాదు, మనదీ కాదు. తుంగజాతిదే గానీ మడగాస్కర్, ఆఫ్రికా వైపు నుంచి వచ్చింది. అందంగా ఉంటుంది, మురుగుకాలువల వెంట దానంతటదే పాకిపోతుంది కూడా.

మన తుంగకు మంచి అదను వేసవి. డెల్టా కాలువలకు నీళ్లు కట్టేసి పూడిక తీసేటప్పుడు దుంపలతో సహా తుంగ గట్టు మీద కుప్ప పడుతుంది. అక్కడి రైతునో లస్కరునో ఒక మాట అడిగి రెండు గుప్పిళ్లు తెచ్చుకుంటే చాలు. ఎలాగూ ఎండిపోయేదే. కొల్లేరుకు వెళ్లి మాత్రం తవ్వకండి. అది 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడినేల. అక్కడ మొక్క పెకలించడం చట్టరీత్యా నేరం.

3. తెచ్చిన దుంపను నేరుగా నాటకండి. మట్టంతా కడిగి, వారం రోజులు విడిగా ఒక బకెట్టు నీళ్లలో ఉంచండి. కాలువ మట్టిలో గుర్రపుడెక్క ముక్క, అంతరతామర పిల్ల, నత్తగుడ్లు ఏవైనా రావచ్చు. ఈ వారంలో అవి బయటపడతాయి. కడిగిన నీళ్లను కాలువలో పోయకుండా ఎండలో ఉన్న పొడినేల మీద పారబోయండి.

4. తొట్టికి అడుగున కన్నం వద్దు. మామూలు కుండీకి చేసే మొదటి పని దీనికి చేయకూడదు. అంచుకు మూడు వేళ్ల కింద పక్కన ఒక కన్నం పెట్టండి. వాన కురిసినప్పుడు ఎక్కువైన నీళ్లు అందులోంచి పోతాయి, మట్టి కొట్టుకుపోదు. అడుగున్నర వెడల్పు, అడుగు లోతు ఉన్న ప్లాస్టిక్ టబ్బు సరిపోతుంది. పగిలిన సిమెంటు తొట్టికి లోపల పట్టా పరిచినా పనిచేస్తుంది. పల్చటి మట్టికుండ వద్దు: నీరంతా పీల్చి ఆవిరి చేస్తుంది, దుంపలు నిండాక పగిలినా పగలొచ్చు.

5. నేలలో నేరుగా నాటాలనుకుంటే అడుగు తెగ్గొట్టిన డ్రమ్ము ముక్కను అంచు నాలుగు వేళ్లు పైకి కనిపించేలా పాతి, దాని లోపల నాటండి. దుంప అడ్డంగా పాకుతుంది, గోడ ఎక్కలేదు. అయినా ఏడాదికోసారి అంచు చుట్టూ చూడాలి.

6. మేడ మీద పెట్టేవాళ్లు బరువు లెక్కవేసుకోండి. పైన చెప్పిన కొలత తొట్టిలో తడిసిన బంకమట్టి నింపితే 80 కిలోలు దాటుతుంది. స్లాబు మధ్యలో పెట్టకండి. పిట్టగోడ పక్కన, కింద గోడగానీ దూలంగానీ ఉన్నచోట పెట్టండి. రెండు ఇటుకల మీద నిలబెడితే అడుగున చెమ్మ చేరితే కనిపిస్తుంది. నాలుగు తొట్లు వరసగా పెట్టే ఆలోచన ఉంటే ఇల్లు కట్టిన మేస్త్రీని ఒకసారి పిలిచి చూపించండి.

7. మట్టి బంకగా ఉండాలి. చెరువు మట్టి, లేదా రేగడిలో మూడోవంతు ఇసుక కలిపింది. మిద్దెతోటల వాళ్లు అలవాటుగా వేసే కొబ్బరిపొట్టు ఇక్కడ పనికిరాదు, నీళ్లలో తేలిపోతుంది, కొన్నాళ్లకు కుళ్లి కంపు కొడుతుంది. మాగిన పశువుల ఎరువు రెండు గుప్పిళ్లు తొట్టి అడుగున మాత్రమే వేయండి. పైన వేస్తే ఆ బలమంతా నాచుకే పోతుంది.

8. నాటడానికి మృగశిర, ఆరుద్ర కార్తెలు మంచివి. వాన మొదలైంది, వేడి ఇంకా ఉంది, రెండూ దానికి కావాలి. బోరు ఉన్నవాళ్లు మాఘమాసంలో నాటినా వస్తుంది. రోహిణి కార్తెలో నాటితే వేరు పట్టకముందే కాడ మాడిపోతుంది. దుంపను బెత్తెడు ముక్కలుగా కోయండి, ఒక్కో ముక్కకు రెండు మూడు పిలకలుండాలి. పైకాడను జానెడు వదిలి కత్తిరించండి. వేరు పట్టేదాకా అంత ఎత్తు కాడకు నీరందించడం దుంప వల్ల కాదు. రెండు వేళ్ల లోతున పడుకోబెట్టి మట్టి కప్పండి. ఒక తొట్టికి మూడు ముక్కలు చాలు. ఖాళీగా ఉందని ఇంకో నాలుగు గుచ్చాలనిపిస్తుంది, ఆగండి. వచ్చే సంక్రాంతికి చోటు చాలదని మీరే అంటారు.

విత్తనంతో కూడా వస్తుంది. దుమ్ములాంటి గింజలను తడిమట్టి పైన చల్లాలి, మట్టి కప్పకూడదు, వెలుతురు కావాలి. ఓపికున్నవాళ్లకు తప్ప దీన్ని సిఫారసు చేయను.

9. నీటి మట్టం. అన్నిటికంటే ముఖ్యం ఇదే, దీన్నే జనం ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకుంటారు. తడినేల మొక్క అనగానే తొట్టి నిండా నీళ్లు నిలబెట్టేస్తారు. దానికి కావలసింది ఆరని మట్టి. నిలబడిన నీళ్లను ఓర్చుకుంటుందే గానీ, అవి లేకపోతే బతకనని అనదు. కాడలోపల బెండులో సన్నటి గాలి అరలు ఉంటాయి. గాలి దొరకని బురదలో వేరు ఊపిరి తీసుకునేది ఆ అరల్లోంచి దిగే గాలితోనే. అందుకే పైన పచ్చటి కాడలు నిలబడి ఉన్నంతకాలం బురద ఎంత లోతున్నా దానికి లెక్కలేదు.

నాటిన మొదటి మూడు వారాలు మట్టి పైదాకా తడి ఉంటే చాలు, నీళ్లు నిలవకూడదు. కొత్త కాడలు ఇంకా రాలేదు కాబట్టి గాలి సరిగా దిగే దారీ లేదు; ముంచితే దుంప కుళ్లుతుంది. కొత్త కాడలు జానెడు దాటాక రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పెట్టవచ్చు. చలికాలంలో పెరుగుదల మందగించినప్పుడు మళ్లీ మట్టి తడి వరకే దించండి. వేలు గుచ్చితే పై అంగుళం చల్లగా తగిలితే సరిపోయినట్టే.

ఊరెళ్లేటప్పుడు ఇది నిశ్చింతగా వదిలి వెళ్లగల మొక్క. తొట్టిని కన్నం దాకా నింపి వెళితే చలికాలంలో పదిరోజులైనా ఓర్చుకుంటుంది. ఎండాకాలంలో మాత్రం పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లండి.

10. ఏ నీళ్లు పోయాలి? వేసవిలో తొట్టిలోంచి నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని ఉప్పు అక్కడే మిగులుతుంది. మీరు మళ్లీ పోస్తారు, మళ్లీ ఉప్పు చేరుతుంది. అడుగున కన్నం లేదు కాబట్టి అది పోయే దారి లేదు. తొట్టి అంచున తెల్లటి పొర కట్టడం, కాడ కొసలు మాడడం దీని గుర్తులు. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు వాడేవాళ్లు ఇది చూసే ఉంటారు. దీనికి మంచి విరుగుడు ఏసీ పైపులోంచి కారే నీళ్లు. గాలిలోని తేమే చల్లబడి నీరైంది కాబట్టి అందులో ఉప్పు దాదాపు ఉండదు. పైగా తొట్టికి నీళ్లు ఎక్కువ కావలసిన రోజుల్లోనే ఏసీ కూడా ఎక్కువ నడుస్తుంది. ఆ పైపు కింద తొట్టి పెట్టేస్తే సగం పని తీరినట్టే. ఆర్‌వో యంత్రం వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి. అందులో ఉప్పు మామూలు నీళ్లకంటే ఎక్కువ. వృథా పోనివ్వకూడదనుకుంటే గచ్చు కడగండి. తొలి వానల్లో తొట్టిని రెండుసార్లు పొంగిపొర్లనిస్తే ఏడాది ఉప్పు చాలావరకు కడిగేసుకుపోతుంది.

11. దోమలు. తుంగ తొట్టి గురించి ఇంట్లో వచ్చే మొదటి అభ్యంతరం ఇదే, న్యాయమైనదే. మన వేడిలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. నీళ్లు నిలవనివ్వకుండా మట్టి తడి మాత్రమే ఉంచడం అన్నిటికంటే తేలిక. నీళ్లు నిలబెట్టాలనుకుంటే వారానికోసారి మట్టి కనిపించేదాకా ఇంకనిచ్చి మళ్లీ పోయండి. రెండోది చేపలు. గంబూసియాను తెచ్చి వేయమంటారు కొందరు. అది అమెరికా చేప, కాలువలోకి జారితే మన చేపపిల్లలను, కప్పపిల్లలను బతకనివ్వదు. మన చెరువుల్లోనే నీటి పైపొరన తిరిగే చిన్న చేప ఉంది, నెత్తిన తళతళలాడే తెల్లచుక్క ఉంటుంది. అది దోమపిల్లలను బాగా తింటుంది. తొట్టిలో కనీసం జానెడు నీళ్లున్న ఖాళీ ఉంటేనే చేపను వేయాలి. ఊరికే బురదలో పడేస్తే పాపం.

తూనీగలు వాటంతటవే వస్తాయి. వాటి పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ దోమపిల్లలను తింటాయి, రెక్కలొచ్చే రోజు కాడ పట్టుకుని పైకెక్కుతాయి. కోతకోసేటప్పుడు మూడోవంతు కాడలు వదలమని చెప్పేది అందుకూ కలిపే.

12. ఎండ రోజుకు ఆరు గంటలైనా తగలాలి. నీడలో చావదు గానీ కాడ సన్నబడి వాలిపోతుంది. గదిలో అలంకారానికి పెట్టాలనుకునేవాళ్లు మనీప్లాంటుతో సరిపెట్టుకోవడం మంచిది.

13. ఎరువు ఏడాదికి ఒకసారి చాలు. వాన మొదట్లో మాగిన ఎరువును నిమ్మకాయంత ఉండలు చేసి, మట్టిలో నాలుగు వేళ్ల లోతున రెండు మూడు చోట్ల దూర్చండి. యూరియా చల్లితే కాడ గబగబా పెరుగుతుంది, కానీ మెత్తబడి గాలికి పడిపోతుంది, నార పనికి రాదు.

14. తెగుళ్లు తక్కువ. పూలగుత్తి దగ్గర పేనుబంక కనిపిస్తే వేపనూనె, సబ్బునీళ్లు కలిపి చల్లండి. నీళ్లలో చేపలుంటే చల్లడం మానేసి ఆ కాడ కోసి పారేయండి. కాడ మీద తుప్పురంగు మచ్చలొస్తే మచ్చపడ్డ కాడలన్నీ మొదట్లో కోసి తొట్టికి దూరంగా వేయండి. పాత కాడలు పసుపుబారితే భయపడనక్కర్లేదు, వాటి వయసైపోయింది. కొత్త పిలకే పసుపుగా వస్తుంటే ఉప్పు సంగతి చూడండి.

15. కోత. మొదటి ఏడాది కోయకండి, దుంప బలపడాలి. తర్వాత ఏడాదికి రెండుసార్లు, ప్రతిసారీ మూడోవంతు కాడలు వదిలి, కోసుకోవచ్చు. పూలగుత్తి పచ్చరంగు వదిలి గోధుమరంగుకు తిరుగుతుండగా కోయడం అదను. ఇంకా ముదిరితే గింజ రాలి పక్క కుండీల్లో మొలుస్తుంది, కాడ కూడా పెళుసెక్కుతుంది. పదునైన కొడవలితో, నీటి మట్టానికి బెత్తెడు పైన కోయాలి. ఈ బెత్తెడు మరవకండి. నీటి కింద కోస్తే ఇందాక చెప్పిన గాలి అరల్లోకి నీళ్లు దూరి దుంపకు ఊపిరాడదు, మొక్క మొత్తం చనిపోవచ్చు. కోతకు ముందురోజే నీళ్లు దించేస్తే ఇంకా మంచిది. కొసన ఉండే ఆకుల అంచు చర్మం గీరుతుంది, పొడుగుచేతుల చొక్కా వేసుకోండి.

16. నార తీయడం. కాడ పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి. ఎండాక చీలిస్తే అడ్డదిడ్డంగా విరుగుతుంది. కొసలోని పూలగుత్తి తీసేసి, లావు కొసన చాకుతో గాటుపెట్టి రెండుగానో మూడుగానో చీల్చండి. చాకు వెనకవైపుతో లోపలి బెండు గీకేయండి. అది మిగిలితే తేమ పట్టి బూజు వస్తుంది. తర్వాత ఎండలో పల్చగా పరచాలి. ఎండుతుంటే అంచులు లోపలికి ముడుచుకుని సన్నటి గొట్టంలా అవుతుంది, అలా కావాలి కూడా. మంచు పడే వేళకు లోపలికి తెచ్చుకోండి, ఒక్క రాత్రి తడిసినా నల్లమచ్చలు పడతాయి. ఎండలో మూడు నాలుగు రోజులకు పచ్చదనం పోయి లేత బంగారురంగు తిరుగుతుంది.

పట్టమడైలో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళతారు. ఎండిన కాడను రోజుల తరబడి పారే నీళ్లలో నానబెట్టి, దారమంత సన్నగా చీల్చి, నూలు పడుగు మీద నేస్తారు. మేలురకం చాప మడిచి అరచేతిలో పట్టేంత మెత్తగా ఉంటుంది. ఇంట్లో మనకు అంత చేతకాదు. వేడిగిన్నెల కింద పెట్టే చిన్న చుట్టలు అల్లుకోవచ్చు. సొర, బీర తీగలను పందిరికి కట్టడానికి, ఆకుకూర కట్టలకు ప్లాస్టిక్ దారం బదులు వాడవచ్చు. వాడే ముందు పావుగంట నానబెడితే ముడి వేసినా తెగదు.

17. వంటింటి నీళ్లకు తుంగ పడక. పెరడు ఉన్నవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే ఉపయోగం. సింకు నీళ్లు ముందు ఒక చిన్న గుంటలోకి పడాలి. జిడ్డు పైకి తేలి, మెతుకులు అడుగుకు చేరతాయి. ఆ గుంట లేకుండా నేరుగా వదిలితే రెండు నెలల్లో కంకర మూసుకుపోతుంది. అక్కడినుంచి రెండడుగుల లోతు కంకర నింపిన తొట్టిలోకి నీళ్లు ఒకవైపు చేరి, రెండోవైపు బయటికి రావాలి. కంకర పైపొరకు నాలుగు వేళ్ల కిందనే నీళ్లు ఉండేలా బయటి పైపును అమర్చండి. అప్పుడు దోమకు నీళ్లే కనిపించవు. తుంగను ఆ కంకరలోనే నాటాలి. ఇంట్లో మనిషికి సుమారు చదరపు మీటరు పడక లెక్క వేసుకోండి. నీళ్లను శుభ్రం చేసేది మొక్క ఒక్కటే కాదు, కంకరకూ వేర్లకూ పట్టుకుని పెరిగే సూక్ష్మజీవుల పని ఎక్కువ. తుంగ వాటికి ఇల్లూ గాలీ ఇస్తుంది. ఇదే సూత్రంతో హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో నీటి మీద తేలే మొక్కల పడకను వేశారు.

అలా వచ్చిన నీళ్లను అరటి, మునగ, కొబ్బరి చెట్ల మొదళ్లకు పెట్టండి. ఆకుకూరలకు, పచ్చిగా తినే వాటికి వద్దు. గిన్నెలకు బ్లీచింగు వాడే ఇంట్లో ఈ పడక సరిగా పనిచేయదు.

18. పాములు, పిల్లలు. తుంగ ఉన్నచోటికి కప్పలు వస్తాయి, కప్పలున్న చోటికి పాము రావచ్చు. నేలమీద పెట్టే తొట్టిని గుమ్మానికీ పిల్లలు ఆడుకునే చోటుకీ దూరంగా ఉంచండి. చిన్నపిల్లలున్న ఇంట్లో లోతైన నీళ్లు నిలబెట్టవద్దు, అంచుదాకా మట్టి నింపిన తొట్టే మేలు.

19. విదేశాల్లో ఉన్నవాళ్లకు. ఊరి తుంగ మీద ఎంత మమకారం ఉన్నా దుంపను సూట్‌కేసులో పెట్టుకోకండి. చాలా దేశాల్లో అనుమతి లేకుండా మొక్కను తీసుకెళ్లడం నేరం. మన కలుపు తుంగ ఇప్పటికే లోకమంతా పాకి ఎందరి పొలాల్నో పాడుచేసింది. అమెరికాలో కేరెక్స్ అనే తుంగజాతిలో అక్కడి సొంత మొక్కలు బోలెడున్నాయి, స్థానిక మొక్కలమ్మే నర్సరీలో అడగండి. నీటి మట్టం, కోత ఎత్తు గురించి పైన చెప్పింది వాటిలో తడినేల రకాలకు చాలావరకు పనికొస్తుంది.

20. రెండు మూడేళ్లకోసారి విడదీయాలి. తొట్టి మధ్యలో కాడలు పలచబడి అంచుల వెంటే గుబురుగా వస్తుంటే దుంపలు నిండిపోయాయని గుర్తు. తొలకరికి ముందు తొట్టిని బోర్లించి, పారతో నాలుగు ముక్కలు చేసి, అంచునున్న లేత భాగం ఒక్కటే మళ్లీ నాటండి. మిగిలింది ఎవరికైనా ఇస్తే, అడుగున కన్నం లేని తొట్టిలోనే పెట్టమని చెప్పి ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోతే కంపోస్టు గుంతలో వేయకండి, అక్కడ హాయిగా మొలుస్తుంది. కాలువలో అసలే వేయకండి. సిమెంటు గచ్చు మీద రెండు వారాలు ఎండబెట్టి, వంచితే టప్పున విరిగినప్పుడు చెత్తలో వేయవచ్చు.